అంగడి మందులు - ఉబ్బు మచ్చలు

గాయము మానినను దాని గురుతు ఒక్కొక్కప్పుడు మనుష్యుని విడువదు. కొందఱికి ఆ గురుతు చర్మముతో సమముగా కలిసిపోయి, కొంతకాలమునకు ఉన్నదో లేదో తెలియకుండును. మఱికొందఱికి అది ఎఱ్ఱనై, గట్టియై, త్రాడువలెనో చింతగింజవలెనో పైకి లేచి నిలుచును. దురద పెట్టును, అప్పుడప్పుడు సలుపును. ఎచ్చెర్లలోనైనను, పలాసలోనైనను, మందుల దుకాణము ముందు కొంతసేపు నిలిచినచో, ఇట్టి మచ్చను మాపు లేపనమేదైన ఉన్నదా అని అడుగువారు కనిపింతురు. అడుగువారిలో పెండ్లికెదిగిన బిడ్డ తల్లి ఉండును. చొక్కా గుండీ విప్పుటకు సిగ్గుపడు యువకుడుండును. పొయ్యి మంటలో చేయి కాలిన ఇల్లాలుండును. గొట్టమొకటి చేతికి వచ్చును, డబ్బు పోవును, నెలలు గడచును. ఆ గొట్టములోని మందు నిజముగా పనిచేయునా? చిన్నదిగా కనిపించు ఈ ప్రశ్నకు చాల పెద్ద చరిత్ర కలదు. దానినే ఈ ప్రసంగమున విచారింతము.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. ఉబ్బు మచ్చలన్నియు ఒక జాతివి కావు. గాయము ఎంతమేర తగిలినదో అంతమేరలోనే లేచి, ఆ హద్దు దాటని మచ్చ ఒక విధము. ఇది సాధారణముగా కొన్ని వారములలో పుట్టి, కొన్ని నెలలు పెరిగి, ఏడాది రెండేండ్లలో తనంతట తానే చాలవఱకు అణగును. రెండవది హద్దులేనిది. చిన్న మొటిమ మానిన చోటనుండియో, చెవి కుట్టిన రంధ్రమునుండియో బయలుదేరి, గాయపడని చర్మముమీదికి కూడ ప్రాకును. తనంతట తాను అణగుట అరుదు. దీనికి వైద్యులు కీలాయిడ్ అని పేరు పెట్టిరి. ఱొమ్ము నడుమ, భుజములు, చెవితమ్మెలు, దవడ అంచు దీనికి అనువైన తావులు. నల్లని, చామనచాయ చర్మము గలవారిలో ఇది ఎక్కువ. కొన్ని కుటుంబములలో తరతరములుగా కనిపించును. పదేండ్ల నుండి ముప్పది యేండ్ల లోపు వయస్సులో ఎక్కువగా పుట్టును. రెంటికిని మూలమొకటే. గాయమును పూడ్చుటకు శరీరము నేయు కొల్లాజెన్ అను నారపోగు, పని ముగిసిన పిమ్మట కూడ ఆగక పేరుకొనుట.

మన ప్రాచీన వైద్యులు ఈ విషయమున చూపిన శ్రద్ధ తక్కువది కాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానములో వ్రణశోథమునకు చెప్పిన ఏడు ఉపక్రమములలో కడపటిది వైకృతాపహము, అనగా మానిన చోట మిగిలిన వికారమును పోగొట్టుట. చికిత్సాస్థానము మొదటి అధ్యాయములో వ్రణమునకు 60 ఉపక్రమములు చెప్పబడినవి. తెల్లబడిన మచ్చను నల్లపఱచుటకు కృష్ణకర్మము, నల్లబడిన మచ్చకు మామూలు వన్నె తెచ్చుటకు పాండుకర్మము, వెండ్రుకలు మరల మొలిపించుటకు రోమసంజననము వానిలోనివే. పైకి పెరిగిన మెత్తని మాంసమును అణచుటకు అవసాదనము అను మఱియొక ఉపక్రమము కలదు. ఇందొక విశేషమును గమనింపవలెను. రంగును గూర్చిన కర్మములు పుండు మానిన పిమ్మట చేయవలసినవి; ఉబ్బును అణచు కర్మము మాత్రము పుండు పుండుగా ఉన్నప్పుడే చేయవలసినది.

వాగ్భటుడు అష్టాంగహృదయమున తొమ్మిది విధములైన గ్రంథులను వర్ణించుచు వ్రణగ్రంథిని వానిలో చేర్చెను. పూర్తిగా మానని గాయముగాని, అప్పుడే మానిన గాయముగాని, కట్టు లేక తడిగా ఉన్నప్పుడును, దానిపై మరల దెబ్బ తగిలినప్పుడును మంటతో, దురదతో లేచు గడ్డ ఇదియని ఆయన చెప్పెను. నేటి వైద్యులు కొందఱు కీలాయిడ్ లక్షణములను ఇందు గుర్తింతురు. ఆ పోలిక ఎంతవఱకు నిలుచునో పండితులు తేల్చవలెను. కాని గాయమునకు కట్టు లేకపోవుట ఒక కారణమని ఆయన చూచిన చూపు మనకు ముఖ్యము. మా విచారణ ముందునకు సాగినకొలది ఈ మాట మరల మరల వినవచ్చును.

సుశ్రుతుడు కృష్ణకర్మమునకు చెప్పిన ద్రవ్యములలో భల్లాతకము, అనగా మన నల్లజీడి, ఒకటి. చాకలివారు బట్టలకు చెరగని గురుతు పెట్టుటకు వాడిన గింజ ఇదియే. శుద్ధిచేయని జీడిరసము తగిలినచో చర్మము బొబ్బలెక్కును. దీని బంధువైన జీడిమామిడి గింజల పైపెంకులోని నూనెకును అదే గుణము కలదు. పలాస, కాశీబుగ్గ ప్రాంతములలో జీడిపప్పు పరిశ్రమలో గింజ కొట్టు స్త్రీలకు ఈ నూనె సెగ తెలియని విషయము కాదు. మచ్చకు మందైన వస్తువే మచ్చకు కారణము కాగలదని ఈ జీడి మనకు చెప్పుచున్నది. ఎఱిగిన వైద్యుని చేతిలో శుద్ధియైన ద్రవ్యము వేఱు. విన్న మాటను పట్టుకొని ఇంటిలో పూసికొను రసము వేఱు.

ఇక మచ్చలు పుట్టు తావులను చూతము. మన పల్లెలలో వాత పెట్టుట చిరకాలపు ఆచారము. పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నదను సామెత తెలియని తెలుగువాడు లేడు. కామెరలకు ముంజేతిమీద, కడుపునొప్పికి బొడ్డుచుట్టు, మూర్ఛకు నొసటిమీద పసిపిల్లలను కాల్చినవారు కలరు. వ్యాధి ఆ కాల్పుతో పోలేదు. ఆ కాలిన గురుతు మాత్రము బిడ్డతోపాటు పెరిగినది. చెవులు కుట్టించుట మఱియొకటి. సుశ్రుతుడే కర్ణవేధమునకు ఒక అధ్యాయము కేటాయించెను. కీలాయిడ్ తత్త్వము గల కుటుంబములలో ఆ సన్నని రంధ్రమే రేగుపండంత గడ్డకు విత్తనము కావచ్చును. ఎచ్చెర్ల మండలపు తీరమున బుడగట్లపాలెము వంటి మత్స్యకార గ్రామములలో వల త్రాడు కోత, గాలపు గీత నిత్యకృత్యములు. వీటికి తోడు పొయ్యి మంట, క్రాగిన నూనె, దీపావళి బాణసంచా అన్ని ఊళ్ళకును సమానమే.

టీకాను గూర్చి కూడ ఒక మాట చెప్పవలెను. క్షయవ్యాధిని అడ్డు బి.సి.జి. టీకా మన దేశమున మొదట ప్రయోగింపబడిన తావులలో మదనపల్లె ఒకటి, అది 1948లో. ఎడమ భుజముమీద ఆ టీకా వేసిన చోట చిన్న పుండు లేచి, తనంతట మాని, చిన్న మచ్చ నిలుచుట సహజము. దానిని గిల్లుటగాని, దానిమీద లేపనములు రుద్దుటగాని పనికిరాదు. భుజము కీలాయిడ్‌కు అనువైన తావగుటచే కొందఱికి అది ఉబ్బును; అట్టివారు వైద్యునకు చూపుకొనవలెను. ఆ భయముచే టీకా మానుట మాత్రము తగదు.

పశ్చిమదేశములలో ఈ మచ్చకు పేరు పెట్టినవాడు పారిస్ నగరపు సెయింట్ లూయీ ఆస్పత్రి వైద్యుడు ఆలిబెర్. 1806లో ఆయన దీనిని వర్ణించి, పుట్టకురుపును స్ఫురింపజేయు పేరొకటి పెట్టెను. ఇది పుట్టకురుపు కాదని తెలిసిన పిమ్మట, ఎండ్రకాయ డెక్కను సూచించు గ్రీకుపదమునుండి కీలాయిడ్ అను పేరు కల్పించెను. అంచులనుండి కాళ్ళు చాచి ప్రాకు ఆ మచ్చను చూచినవారు ఆ పేరు తగినదేయందురు. పేరు దొరికినంత సులభముగా మందు దొరకలేదు. శస్త్రవైద్యులు కోసివేసిరి, కోసిన చోటనే మరల మొలచినది. కోత ఒక్కదానితో సరిపెట్టినచో నూటికి 45 మొదలు 100 మంది వఱకు ఇది తిరిగి వచ్చునని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. 1895లో ఎక్స్-కిరణములు బయటపడిన పిమ్మట, ఇరువదవ శతాబ్దారంభముననే వానిని దీనిమీద ప్రయోగించిరి. 1960వ దశకమునుండి స్టిరాయిడ్ మందును సూదితో మచ్చలోనికే ఎక్కించు పద్ధతి వ్యాప్తిలోనికి వచ్చి, నేటికిని ప్రధానచికిత్సగా నిలిచినది. ఇవియన్నియు వైద్యుని చేతిమీదుగా జరుగవలసినవి. దుకాణపు బల్లమీద దొరకునవి కావు.

దుకాణపు మందులను ఈసడించుట మా ఉద్దేశ్యము కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ఆరంభించిన అమృతాంజనము తలనొప్పికి తెలుగువారి ఇంటింట చేరినది. ఆ వ్యాపారపు ఆదాయమే ఆంధ్రపత్రికకు అండయైనది. తాను చేయగలిగినదానిని మాత్రమే చెప్పు మందునకు ప్రజలు ఆదరము చూపుదురు. చిక్కు ఎక్కడ వచ్చునన, మచ్చను మాపెదనని చెప్పు లేపనములలో అనేకము మందులుగా కాక అలంకరణ సామగ్రిగా అమ్ముడగుచున్నవి. మన దేశమున ఔషధముల చట్టము 1940లో పుట్టినది. అలంకరణ సామగ్రి 1962 నాటి సవరణతో అందు చేరినది. అలంకరణ సామగ్రి ప్రమాదరహితముగా ఉన్న చాలును. రోగమును కుదుర్చునని మందువలె ఋజువు చేసికొనవలసిన పని దానికి లేదు. ఎచ్చెర్ల నియోజకవర్గములోనే పైడిభీమవరమున పెద్ద మందుల కర్మాగారములున్నవి. ఒక మందు అంగడికి చేరుటకు ముందు ఎన్ని పరీక్షలకు నిలువవలెనో అచ్చట పనిచేయువారిని అడిగిన తెలియును. మచ్చల లేపనమును కూడ అట్టి పరీక్షకు నిలిపి చూతము.

ముందుగా ఇ-విటమిను. ఇది 1922లో కనుగొనబడినది. ఈ నూనె పూసిన మచ్చలు మాయమగునను నమ్మకము లోకమంతటను వ్యాపించినది. 1999లో అమెరికాలో 15 మంది శస్త్రచికిత్స రోగులమీద దీనిని పరీక్షించిరి. ఒక్కొక్కరి మచ్చలో సగమునకు ఉత్త లేపనము, సగమునకు ఇ-విటమిను చేర్చిన లేపనము పూయించిరి. నూటికి 90 పాళ్ళు మచ్చలలో దానివలన మేలేమియు కలుగలేదు, లేదా మఱింత చెడినది. మూడవవంతు మందికి చర్మము దద్దురెక్కినది. పరీక్ష చిన్నదే, ఐనను నమ్మకమునకు అది గట్టి దెబ్బ.

రెండవది ఉల్లిసారము. ఉల్లిపాయ రసముతో చేసిన లేపనములు జర్మనీ మొదలగు దేశములనుండి వచ్చి మన దుకాణములలో కూడ దొరకుచున్నవి. వీనిపై జరిగిన పరీక్షలు ఏకముఖముగా లేవు. కొన్నింటిలో మచ్చ మెత్తబడినదనిరి. కొన్నింటిలో ఉత్త లేపనము కన్న మేలేమియు లేదనిరి. మచ్చ ఎత్తు తగ్గునని ధైర్యముగా చెప్పుటకు ఆధారము చాలదు. ఇంటిలోని కలబంద గుజ్జు, కొబ్బరినూనె మొదలగువాని సంగతియు అంతియే. అవి చర్మమును మెత్తపఱచి దురదను కొంత చల్లార్చును. లేచిన నారపోగును కరగింపవు.

మూడవది సిలికోను. ఇందు కొంత సారమున్నది. 1980వ దశకారంభమున ఆస్ట్రేలియాలో కాలిన మచ్చలపై మెత్తని సిలికోను రేకులను కప్పి ఉంచగా అవి మెత్తబడి అణగుచున్నట్లు వైద్యులు గమనించిరి. 2002లో వివిధ దేశముల నిపుణులు కూడి, తగిన ఆధారముగల చికిత్సలు సిలికోను రేకులు, మచ్చలోనికెక్కించు స్టిరాయిడ్ మాత్రమేయని సిఫారసు చేసిరి. ఐనను కథ అంతటితో ముగియలేదు. 2013లో కాక్రేన్ సంస్థవారు 20 పరీక్షలను, వానిలో పాల్గొన్న 873 మందిని లెక్కలోనికి తీసికొని పునఃపరిశీలించి, మేలు కలుగుననుటకు ఆధారము బలహీనమైనదనియు, ఆ పరీక్షలలో అనేకము సరిగా నడపబడలేదనియు తేల్చిరి. కావున నేడు చెప్పదగిన మాట ఇది: సిలికోను రేకు హాని తక్కువది, కొంత మేలు చేయవచ్చును, అద్భుతము చేయదు. దానిని మానిన గాయముమీదనే వాడవలెను, పచ్చిపుండుమీద పనికిరాదు. దినమునకు 12 గంటలకు తక్కువ గాకుండ, రెండు మూడు నెలలు విడువక ఉంచవలెను. చెమట పట్టు మన తీరప్రాంతములో దానిని రోజూ కడిగి, చర్మమును ఆరనిచ్చి, మరల అంటింపవలెను. దద్దురు వచ్చినచో తీసివేయవలెను.

ఇంతకును సిలికోను చేయు పని ఏమి? అది చర్మములోనికి ఇంకదు. మచ్చను కప్పి, దాని తేమ ఆరిపోకుండ కాపాడును. ఆ తేమవలన అడుగున నారపోగు నేయు కణములు కొంత శాంతించునని పరిశోధకుల అభిప్రాయము. వాగ్భటుడు కట్టులేని గాయమును నిందించిన మాట ఇచ్చట తలంపునకు వచ్చును. కాలిన గాయములు మానిన పిమ్మట బిగువైన దుస్తులతో అదిమి ఉంచు పద్ధతి 1970వ దశకమున అమెరికాలోని గాల్వెస్టన్ పిల్లల ఆస్పత్రినుండి వ్యాపించినది. అదియు కప్పుటయే, అదుముటయే.

మఱి పనిచేయని లేపనములకు ఇంత పేరు ఎట్లు వచ్చినది? దీనికి సమాధానము మొదట చెప్పిన భేదములోనే ఉన్నది. హద్దు దాటని ఉబ్బు మచ్చ ఏడాది రెండేండ్లలో తనంతట అణగును. ఆ ఏడాది కాలము ఒకరు ఉల్లిసారము పూసిరి, ఒకరు పసుపు పూసిరి, ఒకరు ఖరీదైన గొట్టములు కొనిరి. ఏమియు పూయనివారు కూడ కొందఱుండిరి. మచ్చ అందఱికిని తగ్గినది. పని చేసినది కాలము. పేరు పొందినది సీసా. పూయనివాడు తన మచ్చను గూర్చి ఎవ్వరికిని చెప్పడు. పూసినవాడు పదిమందికి చెప్పును. సీసాల కీర్తి ఇట్లు పెరుగును. కీలాయిడ్ గలవాడు ఆ కీర్తిని నమ్మి అదే సీసా కొనును. అతని మచ్చ అణగకపోగా ప్రాకుచుండును. వైద్యుని చేరవలసిన కాలము గడచిపోవును. మాకు బాధ కలిగించునది ఈ కాలనష్టమే. పోయిన డబ్బును మరల సంపాదింపవచ్చును. మచ్చ చిన్నదిగా ఉన్న నెలలు తిరిగి రావు.

ఇంతకన్న పెద్ద అపాయమొకటి కలదు. చీటి లేకుండ దుకాణములో కొని తెచ్చిన స్టిరాయిడ్ లేపనమును నెలలతరబడి రుద్దుట. దట్టమైన మచ్చలోనికి ఆ మందు పైపూతగా చాలినంత దిగదు. చుట్టునున్న మంచి చర్మము మాత్రము పలుచబడి, తెల్లబడి, రక్తనాళములు తేలును. అందుచేతనే 2018లో భారత ప్రభుత్వము అనేక స్టిరాయిడ్ లేపనములను వైద్యుని చీటి మీదనే అమ్మవలెనని ఉత్తరువు చేసినది. ఉత్తరువు ఉన్నది, దానిని పాటించుట అమ్మువాని ధర్మము, అడుగకుండుట కొనువాని ధర్మము.

ఇక మిగిలినది అసలు మాట. 1983లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో కాలిన గాయములు ఎన్ని దినములలో మానినవో, వానిలో ఎన్ని ఉబ్బినవో లెక్కించిరి. 14 మొదలు 21 దినములలో మానిన తావులలో మూడవవంతు ఉబ్బినవి. 21 దినములు దాటి మానినవానిలో నూటికి 78 ఉబ్బినవి. అనగా మచ్చ తలవ్రాత పుండునాడే వ్రాయబడుచున్నది. కాలిన వెంటనే 20 నిమిషములు చల్లని పారునీటి క్రింద ఉంచుట, శుభ్రమైన గుడ్డతో కప్పుట, మూడు వారములలో మానునట్లు కనిపించనప్పుడు చర్మము అతుకు వైద్యునకు చూపుట, ఏ లేపనమును చేయలేని మేలు చేయును. కాలిన చోట సిరా, పేడ, కోడిగ్రుడ్డు, కాఫీపొడి, దంతముల పేస్టు పూయువారు పుండును మురికిచేసి, మానుటను ఆలస్యము చేసి, తామెఱుగకయే మచ్చను పెంచుచున్నారు.

ఒకనాడు ఈ సలహా చెప్పుట సులభము, పాటించుట కష్టము. విశాఖపట్టణమున వైద్యకళాశాల, కింగ్ జార్జి ఆస్పత్రి 1923లో వెలసినవి. శ్రీకాకుళము ప్రాంతపు రోగి అచ్చటికి నూఱు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేయవలసి వచ్చెడిది. 2008లో శ్రీకాకుళముననే ప్రభుత్వ వైద్యకళాశాల ఆరంభమైనది. 2023లో విజయనగరమునను ఒకటి వచ్చినది. ఎచ్చెర్లనుండి శ్రీకాకుళమునకు గడియలలో పోవచ్చును. పాత కాలపు అలవాటు మాత్రము ఇంకను దుకాణము దగ్గఱనే ఆగుచున్నది.

కావున శ్రోతలకు మేము మనవి చేయునది ఇది. గాయము హద్దులోనే ఉబ్బిన మచ్చకు ఓర్పు మొదటి మందు. శక్తి గలవారు సిలికోను రేకు వాడవచ్చును. లేనివారు కొబ్బరినూనెతో చర్మమును మెత్తగా ఉంచుకొని, ఎండ తగులకుండ కప్పుకొనిన చాలును. అట్టివారు డబ్బు లేదని దిగులుపడనక్కఱలేదు. హద్దు దాటి ప్రాకు మచ్చను మాత్రము అంగడికి చూపవలదు, ఆస్పత్రికి చూపవలెను. ఇంటిలో ఒకరికి కీలాయిడ్ ఉన్నచో, పిల్లలకు చెవులు కుట్టించుటకు ముందును, పచ్చబొట్టు పొడిపించుటకు ముందును వైద్యుని అడుగవలెను. వాతలు పెట్టుట నేటితో మానవలెను. ఉబ్బు మచ్చ గల మనుష్యుని చూచి మొగము త్రిప్పుకొనుట కూడ మానవలెను. అది అంటువ్యాధి కాదు, పాపఫలము కాదు. ఒకప్పటి గాయమును పూడ్చుటకు శరీరము పడిన శ్రమ కొంచెము మితిమీరినది. అంతకు మించి అందు దోషము లేదు.